డప్పు నేర్చుకోవాలంటే ఎక్కడికి పోవాలి?

2024 మే నెలలో దర్శనం మొగులయ్య తుర్కయాంజాల్ దగ్గర ఓ ఇంటి నిర్మాణంలో కూలి పని చేస్తున్న దృశ్యాలను రాష్ట్రమంతా చూసింది. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే కళాకారుడిగా ఆయనకు 2022లో పద్మశ్రీ వచ్చింది. ఆ ఏడాదే విడుదలైన 'భీమ్లా నాయక్' సినిమా పాటతో ఆయన గొంతు ఇంటింటికీ చేరింది. అప్పటి ప్రభుత్వం ఇంటి స్థలం, కోటి రూపాయలు ప్రకటించింది. రెండేళ్లు తిరిగేసరికి, నెలనెలా వచ్చే పదివేల గౌరవ వేతనం ఆగిపోయిందని, ఇల్లు గడవక కూలికి పోతున్నానని ఆయన చెప్పుకోవాల్సి వచ్చింది. ఆ తర్వాత హయత్‌నగర్‌లో 600 గజాల స్థలం పత్రాలు చేతికందాయి. ఇదంతా మన్సూరాబాద్ చుట్టుపక్కలే, హైదరాబాద్ నగరం తూర్పు అంచున జరిగిన కథ.

ఆ వార్త చదివి చాలామంది 'ఆ డబ్బంతా ఏమైంది' అని అడిగారు. అడగాల్సినవి వేరే ఉన్నాయి. ఆయన దగ్గర కిన్నెర నేర్చుకుంటున్నవాళ్లు ఎంతమంది? ఎక్కడ కూర్చుని నేర్చుకుంటున్నారు? నేర్పినందుకు ఆయనకు నెలకింత అని ఇచ్చేదెవరు? సంప్రదాయ సంగీత నృత్యాలకు ఆదరణ అనే విషయం మీద మన దగ్గర సభలు, తీర్మానాలు, పథకాలు చాలానే ఉన్నాయి. వాటన్నిటినీ ఈ మూడు ప్రశ్నల ముందు నిలబెట్టి చూస్తే ఏది పనిచేసిందో, ఏది చేయలేదో తేలుతుంది. ఈ వ్యాసంలో ఆ పనే చేయదలచాను. మన్సూరాబాద్‌ను కేంద్రంగా పెట్టుకోవడానికి కారణం ఉంది. ఇది ఒకప్పటి ఊరు, ఇప్పుడు కాలనీల గుంపు. పెద్ద చెరువు, పాత ఊరి గుడులు ఇంకా ఉన్నాయి. చుట్టూ విజయవాడ రోడ్డు, సాగర్ రోడ్డు పట్టుకుని నల్లగొండ, ఖమ్మం, పాలమూరు, వరంగల్ జిల్లాల నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబాలు. ఒగ్గుకథ, చిందు బాగోతం, డప్పు, కోలాటం చూస్తూ పెరిగినవాళ్లు వేల సంఖ్యలో ఇక్కడ ఉన్నారు. వాళ్ల పిల్లలకు మాత్రం అవి టీవీలో, ఫోన్లో కనిపించే బొమ్మలు.

ముందు పాత ఏర్పాటు సంగతి. తెలంగాణ పల్లెల్లో కళ కులంతో ముడిపడి నడిచింది. కురుమలకు, గొల్లలకు బీరప్ప, మల్లన్న కథలు చెప్పేవారు ఒగ్గువారు. గొల్లలకే కాటమరాజు కథ చెప్పేవారు మందెచ్చులవారు. మాదిగలకు జాంబపురాణం ఆడేవారు చిందువారు, అదే కులానికి ఆశ్రితులుగా కిన్నెర పట్టినవారు డక్కలివారు. పద్మశాలీలకు మార్కండేయ పురాణాన్ని పటం మీద చూపిస్తూ చెప్పేవారు కూనపులివారు. ముదిరాజులకు కాకిపడగలవారు, గౌండ్లకు గౌడజెట్టివారు. ఏ కుటుంబానికి ఏ ఊళ్లు అనేది మిరాశి హక్కుగా పంచుకుని ఉండేది. ఇంకొకరి మిరాశి ఊళ్లో అడుగుపెట్టి కథ చెబితే పంచాయితీ అయ్యేది. పంట చేతికొచ్చాక దాతకులం ధాన్యం, బట్టలు, డబ్బు కట్టి ఇచ్చేది. కళాకారుడు ఏడాదికోసారి రావడం ఒక హక్కు, ఆ ఊరు అతన్ని ఆదుకోవడం ఒక బాధ్యత.

ఈ ఏర్పాటును మెచ్చుకుంటూ కూర్చోలేం. ఇందులో అవమానం ఉంది, అంటరానితనం ఉంది, 'అడుక్కునేవాళ్లు' అనే ముద్ర ఉంది. కానీ ఒక మంచి కూడా ఉందని ఒప్పుకోవాలి. నేర్చుకోవడం దానంతట అదే జరిగేది. తండ్రి కథ చెబుతుంటే కొడుకు వెనక తాళం వేసేవాడు. పదేళ్లకు వంతపాట అందుకునేవాడు, ఇరవై ఏళ్లకు కథ నడిపేవాడు. మిరాశి ఊళ్లు ఉన్నంతకాలం ఆ చదువుకు జీతం కూడా ఉన్నట్టే. ఊళ్లు ఖాళీ అయ్యాక దాతకులాలవాళ్లు ఉద్యోగాలకు, వ్యాపారాలకు నగరం చేరారు. ఎవరి ఇంటికి ఎవరు ఆశ్రితులో కాలనీల్లో ఎవరికీ తెలియదు. అడిగి తెలుసుకునే అవసరం కూడా ఎవరికీ లేదు. తండ్రి వెనక తాళం వేయాల్సిన కొడుకు ఇప్పుడు ఆటో నడుపుతున్నాడు.

అయినా పాత తీగ పూర్తిగా తెగిపోలేదు. సంక్రాంతి తర్వాత కొమురవెల్లి మల్లన్న జాతర మొదలైతే తొలి ఆదివారాన్ని 'పట్నం వారం' అంటారు. ఆ రోజు హైదరాబాద్ నుంచి యాదవ కుటుంబాలు తండోపతండాలుగా పోతాయి. ఇంట్లో మల్లన్నకు మొక్కున్నవాళ్లు నగరంలోనే ఒగ్గు పూజారులను పిలిపించి రంగుల ముగ్గుతో పట్నం వేయిస్తారు, కథ చెప్పిస్తారు. ఆషాఢం బోనాల్లో డప్పు లేనిదే ఘటం కదలదు. బోనాల పొద్దున ఏదైనా పాత బస్తీ గల్లీలో చూడండి. రోడ్డు పక్కన ఎండుగడ్డి, అట్టముక్కలు మంట పెట్టి డప్పులను దానిమీద తిప్పి తిప్పి కాస్తారు. మేకతోలు బిగిసిందో లేదో వేలితో మీటి చూస్తారు. మెత్తగా పలికితే మళ్లీ మంట మీదికే. ఒక చేతిలో లావుపాటి సిర్ర, ఇంకో చేతిలో సన్నటి సిటికెన పుల్ల. సిర్రది దెబ్బ, పుల్లది దరువు మధ్య సందులు నింపే పని. ఆ రెండింటి లెక్క కుదరడానికి ఏళ్లు పడుతుంది. ఇప్పుడు చాలామంది ఫైబర్ రేకు డప్పులు వాడుతున్నారు. వాటికి కాచే పని లేదు, వానకు మెత్తబడవు. బాజా గట్టిగానే వస్తుంది, తోలులో ఉండే గొంతు మాత్రం రాదు. ఆ వాయిద్యకారులను మనం బోనాలకు, వినాయక నిమజ్జనానికి, పెళ్లి బరాత్‌కు పిలుస్తాం. పిల్లలకు నేర్పమని ఎప్పుడైనా పిలిచామా?

ప్రభుత్వ ఆదరణ విషయానికి వస్తే, తెలంగాణకు ఉద్యమం ఇచ్చిన ఊపు పెద్దది. 2002లో కామారెడ్డిలో మొదలైన ధూంధాం వేదికలు జానపద కళాకారులను ఉద్యమానికి గొంతుకగా నిలిపాయి. రాష్ట్రం వచ్చాక ఆ కళాకారుల కోసమే తెలంగాణ సాంస్కృతిక సారథి ఏర్పడింది. 550 మందికి నెల జీతం వచ్చింది. తరతరాలుగా వడ్లగింజల మీద బతికిన కుటుంబాలకు నెల మొదటి తారీఖున జీతం పడడం చిన్న విషయం కాదు. ఈ సంగతి తేలిగ్గా కొట్టిపారేసేవాళ్లతో నేను ఏకీభవించను. కానీ వాళ్లకు అప్పగించిన పని ఏమిటి? సంక్షేమ పథకాల మీద పాటలు కట్టి ఊరూరా పాడడం. ఒగ్గు వేషం వేసుకుని, ఒగ్గు బాణీలో పథకం పేరు పాడితే అది ఒగ్గుకథ కాదు. మల్లన్న కథ రాత్రంతా నడవాలి, కథకుడు పాత్ర నుంచి పాత్రకు మారాలి, వంతకాడు హాస్యం అందుకోవాలి. ఐదు నిమిషాల ప్రచారపాటలో ఇవేవీ ఉండవు. పదేళ్లలో ఈ 550 మందిని నేర్పే పనిలో పెట్టి ఉంటే రాష్ట్రం ఇవాళ ఎక్కడ ఉండేదో ఆలోచించండి. జీతం అదే, మనుషులు వాళ్లే. పనిని కొంచెం మార్చితే చాలు.

పురస్కారాల విషయంలో ఇటీవల మార్పు వచ్చింది, అది మంచి మార్పు. గుస్సాడీ కనకరాజు, డోలి సకిని రామచంద్రయ్య, చిందు యక్షగానం గడ్డం సమ్మయ్య, బుర్రవీణ దాసరి కొండప్ప వంటి పేర్లు పద్మశ్రీ జాబితాలో కనబడడం మొన్నమొన్నటిదాకా ఊహకందని విషయం. కానీ కనకరాజు 2024 అక్టోబరులో కన్నుమూశారు. 2022లో పద్మశ్రీ అందుకున్న రామచంద్రయ్య రెండేళ్లకే, 2024 జూన్‌లో పోయారు. 'బలగం' సినిమా చివర్లో పాడి కోట్లమందిని ఏడిపించిన పస్తం మొగిలయ్య 2024 డిసెంబరులో కిడ్నీ జబ్బుతో మరణించారు. జీవితం చివరి అంచున వచ్చిన గుర్తింపు ఆ మనిషికి గౌరవమే, కళకు మాత్రం ఆలస్యం. వృద్ధ కళాకారుల పింఛనును తెలంగాణ 2021లో 1,500 నుంచి 3,016 రూపాయలకు పెంచింది. ఆంధ్రప్రదేశ్‌లో డప్పు కళాకారులకు ప్రత్యేకంగా పింఛను ఉంది, 2024 జూలై నుంచి అది నెలకు 4,000. ఇవి ఉండాలి, పెరగాలి కూడా. అయితే పింఛను నిన్నటిదాకా వాయించినదానికి ఇచ్చేది. రేపు వాయించేవాడిని అది తయారుచేయదు.

కనకరాజు విషయంలో ఒక్క మాట అదనంగా చెప్పాలి. మార్లవాయి అనే ఆ గోండు గూడెం నుంచి ఆయన ఊరూరా తిరిగి కుర్రాళ్లకు గుస్సాడీ అడుగులు నేర్పారు. నెమలి ఈకల టోపీ కట్టడం దగ్గర్నుంచి చెప్పేవారు. ఆయన పోయినా దండారీ పండుగ ఆగలేదు. అందుకు కారణం పతకం కన్నా ఆ నేర్పడమే ఎక్కువ అని నా నమ్మకం.

ఇక వేదికలు, రికార్డులు. 2016లో ఎల్బీ స్టేడియంలో 9,292 మంది మహిళలు బతుకమ్మ ఆడి గిన్నిస్ రికార్డు సాధించారు. 2025 సెప్టెంబరులో మన సరూర్‌నగర్ స్టేడియంలో 63 అడుగుల బతుకమ్మను నిలబెట్టారు, 1,354 మంది మహిళలు ఒకే లయలో ఆడారు, మళ్లీ రికార్డు. ఆ సాయంత్రం అక్కడున్న వాళ్ల ఆనందాన్ని తక్కువ చేయను. అంతమంది ఆడవాళ్లు ఒకచోట చేరి తమ పండుగను తాము చేసుకోవడం గొప్ప దృశ్యం. కానీ బతుకమ్మ పాటల్లో ఊరికో బాణీ ఉంది, ఒక్కో తాలూకాలో ఒక్కో కథ ఉంది. స్టేడియంలో సౌండ్ సిస్టం నుంచి వచ్చే రికార్డు పాటకు వేలమంది అడుగులు కలిపితే, ఆ బాణీలన్నీ ఒకే బాణీగా మిగులుతాయి. పాట ఎత్తుకునే పెద్దమ్మ, వెనక చప్పట్లతో అందుకునే గుంపు అనే అసలు పద్ధతి అక్కడ ఉండదు. రికార్డుకు ఖర్చుపెట్టిన దానిలో కొంత, కాలనీల్లో ఆ పెద్దమ్మల పాటలు రికార్డు చేయడానికి పెట్టినా మేలు జరిగేది.

సంస్థల చరిత్రలో ఒక మంచి ఉదాహరణ పేరిణి. కాకతీయ గణపతిదేవుడి గజసాహిణి (ఏనుగుల దళపతి) జాయపసేనాని 13వ శతాబ్దంలో రాసిన 'నృత్తరత్నావళి'ని, రామప్ప గుడి శిల్పాలను పట్టుకుని నటరాజ రామకృష్ణ మరుగున పడ్డ నాట్యాన్ని మళ్లీ నిలబెట్టారు. పేరిణి ఇప్పుడు ప్రభుత్వ సంగీత నృత్య కళాశాలల్లో పాఠ్యాంశం. పరీక్ష ఉంది, సర్టిఫికెట్ ఉంది, గురువుకు ఉద్యోగం ఉంది. అదే సమయంలో, ఎక్కడా తెగిపోకుండా మన కళ్లముందు నడుస్తున్న ఒగ్గుకు, చిందుకు, కిన్నెరకు ఇంత గట్టి ఏర్పాటు దొరకలేదు. తెలుగు విశ్వవిద్యాలయం వరంగల్‌లో జానపద గిరిజన విజ్ఞాన పీఠం నడుపుతోంది. బిరుదురాజు రామరాజు 1950ల్లో తెలుగు జానపద గేయాలపై చేసిన పరిశోధన నుంచి, జయధీర్ తిరుమలరావు ఆద్యకళ పేరుతో సేకరించిన వందల వాద్యాల దాకా పరిశోధనకు కొదవలేదు. కాగితం మీద, అద్దాల బీరువాలో మన సంప్రదాయం భద్రంగానే ఉంది. కొరత ఉన్నది చేతిలో, గొంతులో.

కేంద్ర ప్రభుత్వ ప్రాంతీయ సాంస్కృతిక కేంద్రాలకు గురుశిష్య పరంపర అనే పథకం ఉంది. గురువుకు నెలకు 7,500, సహ వాద్యకారుడికి 3,750, శిష్యుడికి 1,500. ఆలోచన సరైనదే, అన్ని పథకాల్లోకీ ఇదే సరైన దారికి దగ్గరగా ఉంది. కానీ గడువు ఆరు నెలల నుంచి ఏడాది. పన్నెండు మెట్ల కిన్నెర ఏడాదిలో వస్తుందా? ఎండిన సొరబుర్రలు ఏరుకోవడం, వెదురు బొంగుకు వాటిని బిగించడం, మెట్లను తేనెమైనంతో అతికించి శృతి సరిచూడడం నేర్చుకునేసరికే ఏడాది గడిచిపోతుంది. ఎండకు మైనం కరిగితే మెట్టు జరుగుతుంది, మళ్లీ అతికించుకోవాలి. ఈ వాద్యం అంగట్లో దొరకదు, వాయించేవాడే చేసుకోవాలి. వాద్యం చేయడం రానివాడికి వాయించడం సగమే వచ్చినట్టు. ఇంతా చేసి ఏడాది తర్వాత గురువు జీతం ఆగిపోతే శిష్యుడు ఎక్కడికి పోవాలి?

ఇక్కడ బయటి దేశం ఒకటి మనకు పనికొచ్చే పాఠం చెబుతుంది. ఐర్లండ్‌లో 1940ల చివరికి సంప్రదాయ సంగీతం పేదల పల్లెటూరి వ్యవహారంగా చిన్నచూపుకు గురైంది. ఊళ్లకు ఊళ్లు వలస పోయాయి. నగరాల్లో ఫిడేలు, తిత్తి వాయించేవాళ్లను పట్టించుకునేవాళ్లు లేరు. 1951లో మలింగర్ పట్టణంలో కొందరు వాయిద్యకారులు చేరి కోల్టస్ అనే సంఘం పెట్టారు. దానికి ఇప్పుడు ప్రపంచమంతటా 400కు పైగా శాఖలున్నాయి. శాఖ అంటే పెద్ద భవనం కాదు. బడి గదో, చర్చి హాలో వారానికో సాయంత్రం తీసుకుంటారు. ఊళ్లో వచ్చినవాళ్లు రానివాళ్లకు నేర్పుతారు. పన్నెండేళ్ల లోపు పిల్లలకు వేరే పోటీ, ఆపై వయసుల వాళ్లకు వేరే. జిల్లా స్థాయిలో గెలిస్తే రాష్ట్రం, రాష్ట్రంలో గెలిస్తే దేశం. ఏడాదికోసారి జరిగే ఆ జాతీయ ఉత్సవం 'ఫ్లా'కు లక్షలమంది వస్తారు. వేదిక మీద జరిగే దానికన్నా వీధి మూలల్లో, హోటళ్లలో కుర్చీలు గుండ్రంగా వేసుకుని, మైకు లేకుండా, తమకోసం తాము వాయించుకునేవాళ్లే అక్కడ ఎక్కువ.

వాళ్ల ఇలన్ పైప్స్ కథ మన కిన్నెరకు ఇంకా దగ్గర. మోచేతితో తిత్తిని నొక్కుతూ వాయించే ఆ వాద్యాన్ని పట్టినవాళ్లు 1960ల నాటికి చాలా తక్కువమంది మిగిలారు. 1968లో వాళ్లంతా కలిసి తమ సంఘం తామే పెట్టుకున్నారు. గొప్ప విషయం ఏమిటంటే, వాయించడం నేర్పడంతో ఆగకుండా వాద్యం తయారుచేయడం కూడా నేర్పారు. రికార్డింగులు దాచారు, పాఠాలు అచ్చువేశారు. ఆ వాద్యాన్ని యునెస్కో తన జాబితాలో చేర్చింది 2017లో, అంటే సుమారు యాభై ఏళ్ల శ్రమ తర్వాత. మనం క్రమాన్ని తలకిందులు చేసి, ముందు యునెస్కో గుర్తింపు వస్తే తర్వాత నేర్పుదాం అని ఎదురుచూస్తుంటాం. 1973లో విల్లీ క్లాన్సీ అనే పైపర్ మరణించిన ఏడాదే ఆయన ఊళ్లో మొదలైన వేసవి బడి ఇప్పటికీ ఏటా జూలైలో వారం రోజులు నడుస్తుంది. ఊరి బడులు, ఇళ్లు తరగతి గదులవుతాయి. 2022లో ఐర్లండ్ ప్రభుత్వం లాటరీ పద్ధతిలో 2,000 మంది కళాకారులను ఎంపిక చేసి మూడేళ్లపాటు వారానికి 325 యూరోలు ఇచ్చింది. ఏం వాయించాలో, ఏ పథకం పొగడాలో షరతు పెట్టలేదు.

ఐర్లండ్ నమూనాను అలాగే తెచ్చి ఇక్కడ నాటలేం. దానికి పెద్ద అడ్డంకి కులం. ఐరిష్ ఫిడేలు ఎవరి ఇంట్లో ఎవరు వాయించినా ఎవరి అన్నం లాక్కున్నట్టు కాదు. ఇక్కడ ఒగ్గుకథ ఒక కులం హక్కు, డప్పు ఒక కులం మీద మోపిన వెట్టి. చచ్చిన పశువు తోలు తీయడం, చావు దగ్గర వాయించడం, ఊరి వెలుపల నిలబడడం అన్నీ డప్పుకు అంటుకుని ఉన్నాయి. దళిత ఉద్యమం ఆ డప్పును ధిక్కార స్వరంగా మార్చాక చదువుకున్న యువకులు దాన్ని గర్వంగా భుజాన వేసుకున్నారు. ఇప్పుడు కాలనీలో అన్ని కులాల పిల్లలకూ డప్పు నేర్పుదాం అంటే రెండు వైపుల నుంచీ అనుమానం వస్తుంది. ఒకవైపు 'మా పిల్లవాడు డప్పు కొట్టడమేమిటి' అనే తల్లిదండ్రులు. ఇంకోవైపు 'మేం అవమానం పడ్డన్నాళ్లు లేనిది, ఇప్పుడు వేదిక, డబ్బు వస్తుంటే మీరు పట్టుకుపోతారా' అనే కళాకారుల కుటుంబాలు. రెండో ప్రశ్న చాలా న్యాయమైనది, దాన్ని దాటవేస్తే ఎంత మంచి పథకమైనా దోపిడీగానే మిగులుతుంది. చేర్యాల పటాలనే చూడండి. భౌగోళిక గుర్తింపు వచ్చింది, గోడలకు వేలాడదీసుకునే బొమ్మలుగా, బహుమతులుగా అమ్ముడుపోతున్నాయి. నకాషీ కళ బతికింది, సంతోషమే. కానీ ఆ పటం విప్పి కథ చెప్పే కూనపులి, కాకిపడగల కుటుంబాలకు ఆ అంగడిలో చోటు దొరకలేదు. మూరల కొద్దీ పటం గోడమీద చదరపు ముక్కగా మారింది, కథ రాలిపోయింది.

కాబట్టి నా అభిప్రాయం ఇది. ఎవరైనా నేర్చుకోవచ్చు, కానీ నేర్పేది ఆ కళను మోసుకొచ్చిన కుటుంబం మనిషే కావాలి. గురువు కుర్చీ, గురువు జీతం వాళ్లవే. రాజస్థాన్‌లో మాంగణియార్ గాయకుల విషయంలో ఇలాంటిదే జరిగింది. కోమల్ కోఠారి, విజయదాన్ దేథా 1960లో బోరుందాలో రూపాయన్ సంస్థాన్ పెట్టి, వాళ్ల పాటను వేదికలకు తెచ్చారు. పాడేవాళ్లు మాత్రం మాంగణియార్లే. జజ్మాను (దాత) ఇంటి పెళ్లికి పాడడం ఆగలేదు, వేదిక దానికి అదనంగా వచ్చింది. కేరళది ఇంకో దారి. 1957 నుంచి జరుగుతున్న బడిపిల్లల కలోత్సవం వల్ల అక్కడ ప్రతి ఊళ్లో సంప్రదాయ కళల గురువుకు పని దొరికింది. తల్లిదండ్రుల ఖర్చు, మార్కుల పోటీ అనే జబ్బులు దానికీ ఉన్నాయి, అయినా లక్షలమంది పిల్లలు ఒక్కసారైనా ఆ తాళం వింటున్నారు. మన పాఠశాలల్లో 2015 నుంచి కళా ఉత్సవ్ ఉన్నా, దాని వెనక ఏడాది పొడుగునా నేర్పే గురువు లేడు.

కూచిపూడి ఎందుకు గెలిచిందో కూడా ఈ వెలుగులో అర్థమవుతుంది. కృష్ణా తీరంలో కొన్ని కుటుంబాల మగవాళ్లు ఆడే నాట్యం, వెంపటి చినసత్యం మద్రాసులో 1963లో అకాడమీ పెట్టాక ఎవరైనా చేరి నేర్చుకునే చదువైంది. అమెరికాలోని సిలికానాంధ్ర సంస్థ 2008 నుంచి అంతర్జాతీయ కూచిపూడి సమ్మేళనాలు జరిపింది. డల్లాస్‌లోనైనా దిల్‌సుఖ్‌నగర్‌లోనైనా ఫీజు కట్టి పిల్లల్ని కూచిపూడికి పంపే తల్లిదండ్రులు ఉన్నారు. ఆ ఫీజే గురువును బతికిస్తోంది. అదే కుటుంబం పిల్లల్ని ఒగ్గు గురువు దగ్గరికి పంపదు. పంపాలనుకున్నా చిరునామా తెలియదు.

మన్సూరాబాద్‌లో, వనస్థలిపురంలో, నాగోల్‌లో ప్రభుత్వంతో పనిలేకుండా పెరుగుతున్న కళ ఒకటుంది: కోలాటం. సాయంత్రం ఐదు దాటాక గుడి ఆవరణల్లో, కాలనీ హాళ్లలో కోలల చప్పుడు వినబడుతుంది. గృహిణులు, రిటైరైన టీచర్లు, బ్యాంకు ఉద్యోగులు. మాస్టారుకు అందరూ కలిసి నెలనెలా ఇస్తారు. బ్రహ్మోత్సవాలకు, తిరుమలకు బృందంగా వెళతారు. తితిదే దాససాహిత్య ప్రాజెక్టు వల్ల వీళ్లకు ఓ గమ్యం దొరికింది. జడకోలాటం సాధన ఒక్కసారి దగ్గరగా చూడాలి. పైన కట్టిన రంగు తాళ్లను తలొకరు పట్టుకుని, ఒకరు లోపలి నుంచి, ఒకరు బయటి నుంచి అడుగులేస్తూ జడ అల్లుతారు. తర్వాత అదే అడుగులు వెనక్కి వేసి విప్పాలి. ఒక్కరు తప్పడుగు వేసినా జడ చిక్కుపడి ఆగిపోతుంది. అప్పుడు ఎవరూ ఎవరినీ తిట్టరు. చిక్కు ఎక్కడ పడిందో వెతికి, విప్పి, మొదటి నుంచి మొదలుపెడతారు. వాళ్లలో చాలామందికి యాభై దాటాకే కోలలు చేతికొచ్చాయి. ఐర్లండ్ శాఖల్లో జరిగేది సరిగ్గా ఇదే. స్థలం దగ్గర్లో ఉంది, గురువుకు నెల జీతం ఉంది, చేరడానికి అర్హత అడిగేవాళ్లు లేరు, ఏడాదిలో ఒక వేదిక ఎదురుచూస్తూ ఉంటుంది. ఈ నాలుగూ ఉన్నచోట కళ తనంతట తాను నిలబడుతుంది.

కోలాటానికి దొరికినది డప్పుకు, ఒగ్గుకు ఎందుకు దొరకదు? కోలాటం గుడి లోపలికి పోగలదు, డప్పు గుడి బయటే ఆగుతుంది. అసలు కారణం ఇదే, మిగతావన్నీ దీని తర్వాతవే. కాలనీ సంఘాల్లో ఉన్న మనమే దీన్ని మార్చగలం.

శబ్దం గురించి వచ్చే అభ్యంతరం నిజమైనదే. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా లౌడ్‌స్పీకరు పనికిరాదు. ఏడాదిలో 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి దాకా మినహాయింపు ఇచ్చే అధికారం రాష్ట్రానికి ఉంది. రాత్రంతా నడిచే కథ నగరంలో ఇలా మరుగున పడింది. కానీ మైకు లేనికాలంలో కూడా ఈ కథలు నడిచాయి. చిన్న హాలులో, యాభై మంది మధ్య, సాయంత్రం ఆరింటి నుంచి తొమ్మిదిన్నర దాకా వారం రోజులపాటు ఒకే మల్లన్న కథను భాగాలుగా చెప్పించవచ్చు. వినేవాళ్లకు కథ మొత్తం దక్కుతుంది, కథకుడికి వారం పని దొరుకుతుంది. ఉప్పల్‌లో 2019లో తెరిచిన శిల్పారామం వేదిక మన తూర్పు హైదరాబాద్‌కు దగ్గరే ఉంది, దాన్ని ఇందుకు వాడుకోవచ్చు. అయితే నేర్పే పనికి శిల్పారామం సరిపోదు. నేర్చుకోవడం ఇంటి నుంచి నడిచిపోయేంత దూరంలో ఉండాలి.

ప్రభుత్వాన్ని అడగాల్సింది ఎక్కువేమీ లేదు. సాంస్కృతిక సారథిలో ఉన్నవాళ్లకు వారానికి రెండు సాయంత్రాలు నేర్పే విధి అప్పగించాలి. గురుశిష్య పథకం గడువును కనీసం నాలుగేళ్లకు పెంచాలి. వాద్యాల తయారీకి వేరే గ్రాంటు ఇవ్వాలి. పద్మశ్రీ గ్రహీతకు స్థలం ఇచ్చినప్పుడే ఆ స్థలంలో బడి నడిపే ఖర్చు కూడా ఇవ్వాలి. మిగతాదంతా మన చేతుల్లోనే ఉంది.

మన్సూరాబాద్, ఎల్బీ నగర్ కాలనీ సంక్షేమ సంఘాల పెద్దలకు నా విన్నపం. మీ కమ్యూనిటీ హాలు వారంలో చాలా సాయంత్రాలు తాళం వేసి ఉంటుంది. మీ కాలనీలో ఇళ్లు కట్టే కూలీల్లో, ఆటో నడిపేవాళ్లలో, వాచ్‌మన్లలో చిందు కుటుంబాల, ఒగ్గు కుటుంబాల, డప్పు కుటుంబాల మనుషులు ఉన్నారు, అడిగి తెలుసుకోండి. వాళ్లలో ఒకరికి హాలు తాళంచెవి ఇవ్వండి. ఇరవై ఇళ్లు తలా ఐదొందలు వేసుకుంటే నెలకు పదివేలు అవుతుంది. మీ పిల్లల్ని, వాళ్ల పిల్లల్ని ఒకే చాప మీద కూర్చోబెట్టండి. వచ్చే బోనాల నాటికి మీ కాలనీ ఘటం ముందు మీ పిల్లలే ఆ గురువు వెనక నడుస్తూ డప్పు వాయించాలి. సంఘం తదుపరి సమావేశం ఎజెండాలో ఈ ఒక్క అంశం చేర్చండి.